వాకిట్లో ఊటీ

మా ఆయనకు కూర చల్లారినా ఫర్వాలేదు, గుంత మాత్రం గుండ్రంగా ఉండాలి. అహేరి ఫారెస్టు ఆఫీసుకు వచ్చిన పెద్దాఫీసరొకరు, వేసవిలో ఊటీ కొండల మీద గోల్ఫు ఆడదాం రమ్మన్నారట. అప్పటినుంచి మహారాష్ట్ర అంచున సిరొంచలోని మా ఫారెస్టు క్వార్టరు వాకిలే ఊటీ. గిన్నెంత గుంత తవ్వి, టేకు కర్రతో సాయంత్రమంతా అందులోకి బంతి కొట్టడమే పని.

ఆ ఉదయం ఆయన కర్ర పట్టుకొచ్చి చూస్తే గుంత మళ్లీ మాయం. పేడతో అలికి, పైన ముగ్గు కూడా వేసి ఉంది.

"సోనుబాయీ! మల్ల పూడ్చినవా?" అని అరిచాడు.

పనిమనిషి చీపురు దించింది. "నేనెందుకు పూడుస్త సాబ్? వాకిట్ల గుంత ఇంటికి మంచిది కాదన్న. గంతే."

"మరెవరు?"

"నేనే," అన్నాను అరుగు మీద నుంచి.

"చదువుకున్నదానివి, నువ్వు గూడ గివన్ని నమ్ముతవా యశోదా?"

"నమ్మ. కానీ గుంత పూడితేనే మీరు నాతోని మాట్లాడుతరు. నిన్న గడ్డపార ఏడున్నదని అడిగిన్రు. మొన్న జర మట్టి తియ్యమన్నరు. అంతకుముందు ఏం మాట్లాడిన్రో యాదికున్నదా? మీరు డ్యూటీకి పోతే ఇంట్ల రేడియో ఒక్కటే పలుకుతది. అది గూడ మరాఠీల."

సోనుబాయి మెల్లగా పెరట్లోకి జారుకుంది.

ఆయన వేళ్ల మీద రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాడు. పాపం, నిజంగానే వెతికాడు.

కర్ర గోడకు ఆనించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఊటీకి నిన్ను రమ్మని గూడ అనలే," అన్నాడు. "నాదే తప్పు, యశోదా."