శేషం లేని సంఖ్య

ఆ ఉదయం బాన్సువాడ మీద మబ్బులు దిగి కూర్చున్నాయి. కురవవు, కదలవు.

వజీర్ సేట్ టైర్ల దుకాణంలో లెక్కలు రాసే మనిషి కావాలని విని, రవికుమార్ తండా నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. ఈ కొలువు దొరక్కపోతే రేపు బావమరిది వెంట హైదరాబాద్ పోయి, ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడాలి. భార్య స్వాతి అప్పటికే సంచి సర్దింది.

దుకాణం వెనకే ఇల్లు. సేట్ అతన్ని వసారాలో కూర్చోబెట్టాడు. చదువు అడగలేదు. జీతం మాట ఎత్తలేదు. ఒక తెల్ల కాగితం చేతిలో పెట్టాడు.

"పదంకెల సంఖ్య చెప్పాలె. సున్న నుంచి తొమ్మిది దాక అన్నీ ఉండాలె, ఏదీ రెండుసార్లు రావద్దు. ముందటి రెండంకెలు రెండుతోని భాగం పోవాలె. ముందటి మూడంకెలు మూడుతోని. నాలుగంకెలు నాలుగుతోని. గిట్లనే పది దాక. శేషం మిగలద్దు."

"గసుంటిది ఉంటదా సేట్?"

"ఉంది. దునియాల ఒక్కటే ఉంది."

సేట్ భార్య జైనాబ్ చాయ్ తెచ్చింది. "నీకంటె ముందుగాల వచ్చినోళ్లంత ఏడు కాడనే లేచి పోయిన్రు బిడ్డా. బండికి నాలుగు టైర్లు చాలు. ఈయనకేమో ఏడు కూడ కావాలె."

రవికుమార్ పెన్ను తీశాడు. చివర సున్న, నడుమ ఐదు సులువుగానే కూర్చున్నాయి. సరి అంకెలు సరి చోట్లకు పోయాయి. ఏడు మాత్రం మొండికేసింది. ఎట్లాగో దాన్ని దాటించి 1472583690 అని రాశాడు.

సేట్ కాగితం లాక్కుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. వచ్చేసరికి ముఖం మాడి ఉంది.

"కాదు."

రవికుమార్ మళ్లీ భాగించి చూశాడు. "అవును సేట్. ఎనిమిది కాడ నాలుగు మిగులుతుంది."

"ఇచ్చే ముందుగాల చూసుకోవద్దా? ఊకె తప్పులిస్తే పరేషాన్ అయితది."

"పోరనికా, మీకా?" అంది జైనాబ్.

మధ్యాహ్నానికి కాగితం రెండు వైపులా నిండింది. జైనాబ్ పాత క్యాలెండర్ చింపి ఇచ్చింది. దాని వెనక, కొట్టివేతల నడుమ, చివరికి ఒకటి నిలిచింది: 3816547290. ఈసారి తొమ్మిది దాకా రెండుసార్లు సరిచూసి మరీ ఇచ్చాడు. స్వాతి సర్దిన సంచి కళ్ల ముందు కదిలింది.

తలుపు మూసుకుంది. కాసేపటికి తెరుచుకుంది. సేట్ ముఖం వెలిగిపోతోంది.

"రేపటి నుంచి రా. జీతం నువ్వెంతంటే గంత. గా సంఖ్య మాత్రం ఎవ్వరికీ చెప్పకు. నీ భార్యకు సుత."

జైనాబ్ బగారా అన్నం, మటన్ కూర వడ్డించింది.

ముగ్గురూ తిన్నారు: రవికుమార్ ఆకలి మీద, జైనాబ్ నవ్వు ఆపుకుంటూ, ఏదో వీడియోలో విన్న గొప్ప సంఖ్యను ఫోనుకు తాళంగా పెట్టుకుని తానే మరిచిపోయిన వజీర్ సేట్ మాత్రం, వారం తర్వాత ఇవ్వాళ తెరుచుకున్న ఆ ఫోను తెర మీద ఎడమ చేతి వేలు జరుపుకుంటూ.