కల్వర్టు అవతలి మేడ

"ఇంకొక్కరు మిగిలారు," అంది పంతులమ్మ, ప్లాస్టిక్ కవరు చుట్టిన రిజిస్టరు మీద వేలు పెట్టి. "కల్వర్టు అవతల ఒంటరి మేడ. ఒక్కరే. ఆడమనిషి, వయసు డెబ్బై."

పడవ ముందు భాగంలో కూర్చున్న గుమాస్తా గబుక్కున వెనక్కి తిరిగి రిజిస్టరు వైపు చూశాడు. ఆ వరస రాసింది తనే. ఆ ముసలమ్మను పుట్టించిందీ తనే.

ముగ్గురూ రిజర్వు దళం వాళ్లు. మామూలు రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్లది. సైన్యం కబురు పెడితే మాత్రం యూనిఫారం దులుపుకుని వచ్చేయాలి. పంతులమ్మ బడిలో లెక్కలు చెబుతుంది, ఈ పడవకు ఆవిడే నాయకురాలు. మోటారు దగ్గరున్నవాడు సిటీ బస్సు డ్రైవరు. నీళ్లలో కూడా మలుపు రాగానే అతని కాలు బ్రేకు కోసం వెతుకుతుంది. గుమాస్తాది పురపాలక ఆఫీసు. మూడు నెలల కిందట ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో ఎందరున్నారో రాసుకొచ్చింది అతనే. వరద రాగానే ఆఫీసువాళ్లు ఆ రిజిస్టరునే పడవకిచ్చారు.

పొద్దుటి నుంచి అది ఒక్క ఇంటికీ తప్పలేదు. నలుగురని ఉన్నచోట నలుగురే దొరికారు. మంచాన పడ్డ తాత అని ఉన్నచోట తాత మంచం మీదే ఉన్నాడు, మంచం మాత్రం బల్లెక్కింది. "నీ చేతిరాతకు దండం పెట్టాలయ్యా," అంటూ డ్రైవరు పొగుడుతూనే ఉన్నాడు. గుమాస్తా కాస్త ఉబ్బాడు కూడా, దాచడమెందుకు. ఈ మేడ సంగతి మాత్రం మర్చేపోయాడు.

వైర్‌లెస్ గరగరలాడింది. ఎగువన గేట్లు ఎత్తేశారు, అరగంటలో ఇంకో నిలువెత్తు నీళ్లొస్తాయి, పడవలు వెనక్కి రావాలి.

"వెళ్లి రావడానికి టైముంది," అంది పంతులమ్మ గడియారం చూసుకుని. "కల్వర్టు దగ్గరే జాగ్రత్త."

పొద్దున ఆ కల్వర్టు మీద ఒక లారీ అగ్గిపెట్టెలా దొర్లిపోవడం ముగ్గురూ చూశారు. డ్రైవరు లైఫ్ జాకెట్ తాళ్లు బిగించుకున్నాడు. "మా బుజ్జిదానికింకా పేరు కూడా పెట్టలేదు మేడం. కొంచెం త్వరగా తెమిలిద్దాం," అన్నాడు.

గుమాస్తా లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే ఈ ఇద్దరూ లేని మనిషి కోసం చావుకు ఎదురెళ్తారు.

"ఆగండి మేడం. ఆ ఇంట్లో ఎవరూ లేరు."

"నీకెలా తెలుసు?"

"ఆ మనిషిని నేనే కల్పించాను. ఆ రోజు కాళ్లు పీకేసి కల్వర్టు దాటలేదు. ఆ మేడకు ఏళ్ల తరబడి తాళమేనని టీ కొట్టాయన చెప్పాడు. తాళం అని రాస్తే మూడుసార్లు వెళ్లి చూసి రావాలని రూలు. ఎవరు తిరుగుతారని అక్కడే కూర్చుని ఒక ముసలమ్మను రాసేశాను."

డ్రైవరు మోటారు తగ్గించాడు. "పొద్దుటి నుంచి నిన్ను నెత్తిన పెట్టుకున్నాను గదయ్యా," అన్నాడు.

పంతులమ్మ కోప్పడలేదు. హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లవాడిని చూసినట్టు చూసింది. "ఉన్నారని రాసినప్పుడు చూడలేదు, సరే. ఇప్పుడు లేరంటున్నావు. అది చూశావా?"

"లేదు మేడం."

"మరి రెండు మాటలకీ తేడా ఏముంది?" డ్రైవరు వైపు తిరిగింది. "పసిబిడ్డ తండ్రివి. నువ్వు వద్దంటే తిరిగిపోదాం."

డ్రైవరు లైఫ్ జాకెట్ తాడు మరోసారి లాగి చూసుకున్నాడు. "ఆఖరి స్టాపులో ఎవరూ లేకపోయినా బస్సు అక్కడిదాకా వెళ్లే తిరుగుతుంది మేడం," అని మోటారు పెంచాడు.

కల్వర్టు దగ్గర పడవ పక్కకు ఒరిగింది. గుమాస్తా వీధి దీపం స్తంభానికి తాడు విసిరి, చేతులు చీరుకుపోతున్నా వదలకుండా లాగాడు. ఎలా దాటారో ముగ్గురికీ తెలియదు. దాటాక చూస్తే కనుచూపుమేర నీళ్లే. ఇన్ని నీళ్లు ఈ భూమ్మీద ఇంతకాలం ఎక్కడ దాక్కున్నాయో అనిపించింది. మధ్యలో ఆ మేడ, కింది అంతస్తు ఎప్పుడో మునిగిపోయి, నిశ్శబ్దంగా ఉంది.

"ఎవరండీ లోపల?" గుమాస్తా సిగ్గుపడుతూనే కేకేశాడు. గొంతు చించుకుని మళ్లీ అరిచాడు.

పైన పిట్టగోడ మీదికి ఒక తల లేచింది. ముగ్గుబుట్టలా నెరిసిన తల.

గుమాస్తా పిట్టగోడ పట్టుకుని పైకెక్కాడు. ఆవిడను చేతుల మీద పడవలోకి దించుతూ, నిజంగా మనిషేనా అన్నట్టు మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి కొట్టుకుంటోంది.

"అమ్మా, మీకు డెబ్బై ఉంటాయా?" డ్రైవరు అడిగాడు.

"మొన్ననే నిండాయి బాబూ."

డ్రైవరు మోటారు సంగతే మరిచి గుమాస్తా వైపు చూస్తుండిపోయాడు. పంతులమ్మ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. గుమాస్తా మాత్రం తలెత్తలేదు. టీ కొట్టాయన మాట నమ్మి, ఏళ్లుగా ఇక్కడ ఒంటరిగా పడున్న మనిషిని చూడనైనా చూడకుండా పోయానే అని కుమిలిపోయాడు.

ఎత్తు రోడ్డు ఎక్కేసరికి వెనక ఆ మేడ పిట్టగోడ కూడా కనబడటం లేదు. ముసలమ్మ ఇద్దరు మగవాళ్లకూ చేతులు జోడించింది. "నేనక్కడున్నానని మీకెవరు చెప్పారు నాయనా?"

డ్రైవరు గుమాస్తా భుజం మీద చెయ్యేశాడు. "ఈయనేనమ్మా. మూడు నెలల కిందటే మిమ్మల్ని లెక్కలో రాసిపెట్టాడు."

"అదెలా నాయనా? నాది ఈ ఊరే కాదు, తలుపుచెక్క పట్టుకుని ఎగువ నుంచి కొట్టుకొచ్చి ఆ మేడకు తగులుకున్నది ఇవాళ పొద్దున్నే."