చక్రం రేటు

“మూడు వేలా? శెట్టీ, నీ నోట్లో సున్నాలు ఎక్కువయినట్టుండాయి!”

బోరమ్మ గొంతుకు వై.ఎన్.హొసకోట బజారు సగం తిరిగి చూసింది. పాత మిషన్ల సామాన్లు అమ్మే యోగానంద మాత్రం తలెత్తలేదు.

“దొరకని సామాను బోరమ్మా. చేసే కంపెనీ మూతపడి పదైదేండ్లయింది.”

ఆమెకు కావలసింది అరచేయంత పళ్ల చక్రం. తిరుమణిలో ఆమె ఇంటి ముందున్న శెనక్కాయలు ఒలిచే మిషన్లో అది విరిగి నాలుగు రోజులైంది. ఊళ్లో చాలామంది భూములు సోలార్ వాళ్లకు కౌలుకిచ్చి నీడపట్టున కూర్చున్నారు. ఇంకా విత్తనం వేసే ఇళ్లు ఆరే మిగిలాయి. ఆ ఆరిళ్ల కాయలూ ఒలిచేది ఆ మిషనే. మొన్న మంచి వాన పడింది. ఈ నేల పదును ఆరిపోతే మళ్లీ వాన ఎప్పుడో చెప్పగల మొనగాడు లేడు.

“అర కిలో ఇనుము. మీ నాయన నూరు రూపాయలకు కొనింటాడు. దానికి వడ్డీ వేసుకో, బీరువాలో కూచున్నందుకు బాడిగ వేసుకో, నీ లాభమూ వేసుకో. ఐదు నూర్లు. న్యాయమైన రేటు అదీ!”

“న్యాయం కావాలంటే కోర్టుకు పో. చక్రం కావాలంటే మూడు వేలు.”

“ఒక తూరి చూపియ్యప్పా.”

“దుడ్డు చూడకుండా సామాను చూపను.”

లోపలి గుమ్మంలోంచి ఆయన భార్య వనజాక్షి “చూడండీ...” అంటూ ఏదో చెప్పబోయింది.

“నువ్వు లోపలికి పో!” అని కసిరాడాయన.

ఏ పాత సామాను అడిగినా ‘లేదు’ అనని అంగడి అని ఆ చుట్టుపక్కల దానికి పేరు. తండ్రి కాలంనుంచీ ఉన్న ఆ పేరు గర్వమంతా యోగానంద మీసంలోకి చేరింది. బోరమ్మకు ఆ మీసం పట్టుకుని బజారంతా తిప్పాలనిపించింది. కానీ చక్రం కావాలి.

“సరే, మూడు వేలు” అంది పళ్లు కొరుకుతూ.

యోగానంద ఉలిక్కిపడ్డాడు. “మూడని ఎవరన్నారు? ఐదు!”

బేరమాడితే దిగే ధరలు ఆమె ఎన్నో చూసింది. ఒప్పుకుంటే ఎక్కే ధర ఇదే మొదలు. “నీ మీసానికి తుప్పు పట్ట!” అని దీవించి బస్సెక్కింది.

సాయంత్రం ఆరిళ్ల వాళ్లూ కూడారు. చేత్తోనే ఒలుద్దామన్నారొకరు. బోరమ్మ తన వేళ్లు ముందుకు చాపింది. మూడు రోజులుగా ఒలిచి గోళ్లకింద నెత్తురు గడ్డకట్టింది. తలా కొంత డబ్బు వేశారు.

మర్నాడు పొద్దున పక్కింటి సుంకన్నను తోడు తీసుకుని వెళ్లి, ఐదు వేలు కౌంటరు మీద పెట్టింది.

“తొమ్మిది” అన్నాడు యోగానంద.

బోరమ్మ అంగడి మెట్లమీద చతికిలబడి కొంగు బిగించింది. “రండప్పా రండి! తొమ్మిది వేల ఇనుప వడ! కొరికితే పండ్లు రాల్తాయి, రేటు వింటే పాణం పోతాది!”

బజారు విరగబడి నవ్వింది. యోగానంద మెడమీద చెమట కాలువ కట్టింది.

“కొనలేకపోతే పోవచ్చు కదమ్మా” అన్నాడు. ఆ మాట బతిమాలినట్టుంది.

సుంకన్న ముందుకొచ్చాడు. ఆ పొద్దే బ్యాంకులో తీసుకున్న సోలార్ కౌలు డబ్బు జేబులోంచి తీసి, నాలుగు వేలు పక్కన పెట్టాడు.

“ఉన్న భూమంతా అద్దాల కిందికి పోయింది శెట్టీ. ఒక్క ఎకరా మిగిలిండాది. అదన్నా పచ్చగా చూడాల నేను. తియ్యి చక్రం.”

యోగానంద ఆ నోట్లవైపు సమన్లు అందుకున్నవాడిలా చూశాడు. తర్వాత మెల్లగా లేచి గోడౌన్లోకి వెళ్లాడు. డబ్బాలు జరిపిన చప్పుడు. రేకులు పడిన చప్పుడు. కాసేపటికి వెనక తలుపు కిర్రుమంది. మోటారు సైకిలు స్టార్టయి దూరమైపోయింది.

“అంత దూరం దాచినాడా?” అంది బోరమ్మ.

వనజాక్షి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి వాళ్లముందు పెట్టింది. కౌంటరు మీది తొమ్మిది వేలూ తీసి బోరమ్మ చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

“ఏంది, మళ్లా పెంచినాడా?” అని బోరమ్మ కళ్లెర్రజేసింది.

వనజాక్షి తలొంచుకుంది.

“ఆ చక్రం మా అంగట్లో ఎన్నడూ లేదక్కా.”