పదిహేడో ప్రశ్న

“పిల్లలెంతమంది?” కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండా అడిగాడు కుటుంబ వివరాలు నమోదు చేసే గుమస్తా.

“లేరండీ,” అంది లారీ డ్రైవరు భార్య.

“పెళ్ళై ఆరేళ్ళు. కాయా లేదు, పండూ లేదు. అదే రాసుకో నాయనా,” అంది పక్కనున్న అత్తగారు. ఆవిడ నోటికి వీధంతా జడుస్తుంది.

“పదిహేడో ప్రశ్న. గర్భం ఎన్నిసార్లు?”

“ఒక్కసారీ రాలేదండీ.”

“ప్రభుత్వానికి అబద్ధం చెప్పకూడదమ్మా,” క్యూ అంతటికీ వినబడేలా అన్నాడు గుమస్తా. “ఆసుపత్రి లెక్కలన్నీ మాకొస్తాయి. రెండుసార్లు వచ్చింది, రెండూ మూడో నెలలోనే పోయాయి. అవునా, కాదా?”

వెనక ఎవరో ఇకిలించారు. కోడలు కౌంటరు అంచు పట్టుకుని తలూపింది.

అత్త గుమస్తాని ఎగాదిగా చూసింది.

“ఆసుపత్రికి దీని వెంట ఎవరెళ్ళారో కూడా ఉందా అందులో?”

“ఎందుకుండదు? రెండుసార్లూ... ఎవరూ లేరని ఉంది.”

“ఒంటరిదని తెలిసీ ఒక్కడూ తొంగిచూడలేదు. రాసుకోవడానికి మాత్రం తయారు. ఇదీ ఒక ఉద్యోగమేనా? దీనికంటే చెప్పులు కాపలా కాసుకోవడం నయం.”

గుమస్తా మొహం మాడ్చుకుని “నెక్స్ట్” అన్నాడు.

అత్త కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర ఆగి మెల్లగా అడిగింది.

“నాకెందుకు చెప్పలేదే?”

“గొడ్రాలంటేనే నయమనిపించింది అత్తయ్యా. చెబితే రెండింటినీ మింగిందంటారని.”

ఆ మాట తను కచ్చితంగా అనేదేనని అత్తకి తెలుసు. గుమస్తాని దులిపినంత తేలిగ్గా తనని తాను తిట్టుకోవడానికి ఆవిడకి నోరు రాలేదు. కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు.