ఒక్క ఎర్ర చుక్కా లేదు

పట్టు రైతులకు సలహాలిచ్చే మాలూరు కేంద్రంలో ఇంటర్నెట్ ఫోన్లను కంప్యూటర్‌లో కనిపెట్టుకుని ఉండడం నేత్రావతి ఉద్యోగం. బాగున్న ఫోన్ పక్కన పచ్చ చుక్క కనిపిస్తుంది, చెడితే ఎర్ర చుక్క.

గురువారం లక్కూరు నుంచి రైతు దొడ్డమునియప్ప వచ్చాడు. “మూడు దినాలుగా ఫోన్ చేస్తా ఉండానమ్మా. ఎవురూ ఎత్తలే. పట్టుపురుగులన్నీ చచ్చిపోయినాయి.”

ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది. “చూడప్పా, నువ్వు చేసిన పదకొండు కాల్సూ ఈడికి వచ్చినాయి. ఫోన్లన్నీ పచ్చగానే ఉండాయి.”

“అట్లయితే నా ఫోన్లోనే ఏదో తప్పుండాదమ్మా,” అని సిగ్గుపడుతూ దండం పెట్టి వెళ్లిపోయాడు.

‘లోపాలు లేవు’ అని రిపోర్టు రాస్తుంటే నేత్రావతి చెయ్యి ఆగిపోయింది. ఫోన్లు ఒకటే మోగుతుంటే స్క్రీన్ మీద దృష్టి నిలవడం లేదని, సోమవారం వాటి గంట ఆపేసింది తనే.