మస్కట్ పికప్

కరెంటు పోయే వేళ చూసి గిటారు అప్పజెప్పాలని ఏలీయా ముందే నిశ్చయించుకున్నాడు. రాజోల్లో ఆ నెల కరెంటు కోత మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. అందుకే వరప్రసాదాన్ని రెండుంబావుకి రమ్మని కబురుపెట్టాడు.

ఏలీయాకి రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు ఉంది. అది పొట్టకూటికి. ప్రాణమంతా గిటారు మీదే. అమలాపురంలో భూలక్ష్మిగారి ఆర్కెస్ట్రాలో పదకొండేళ్ళు వాయించాడు. ఒకసారి ముమ్మిడివరం పెళ్ళిలో రెండు తీగలు తెగిపోయినా పాటకి చిన్న లోటు కూడా రానివ్వలేదు. అంతటివాణ్ణి నిరుడు బట్టతల వచ్చిందని మాన్పించేసింది భూలక్ష్మిగారు. ఆ చోటులోకి భుజాల దాకా జుట్టున్న వరప్రసాదం వచ్చాడు. సంగీతానికీ వెంట్రుకలకీ సంబంధమేమిటో ఏలీయాకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఏడాదిగా అతనికి అన్నం సహించడం లేదు.

ఆ వరప్రసాదమే పోయిన వారం గిటారు తెచ్చి ఏలీయా బల్ల మీద పెట్టాడు.

“మా బావగారు మస్కట్ నుంచి కొత్త పికప్ పంపించేరండి. ఇదేత్తే గిటారు మోతే మారిపోద్దంట. ఆదివారం కొత్తపేటలో పెళ్ళండి, కాస్త చూడండి.”

“ఆయ్! మీరు అంతలా చెప్పాలేంటండీ,” అని ఏలీయా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

పికప్ అంటే తీగల కింద బిగించే అయస్కాంతపు ముక్క. తీగల కదలికని పట్టి స్పీకరుకి పంపేది అదే. అది పోయిందంటే ఎలక్ట్రిక్ గిటారు ఒట్టి చెక్క. ఏలీయా ఆ మస్కట్ ముక్కని శుభ్రంగా తన సొంత గిటారుకి బిగించుకున్నాడు. దాని మూత మాత్రం తీసి, మూలపడున్న కాలిపోయిన పికప్‌కి తొడిగి, వరప్రసాదం గిటారులో కూర్చోబెట్టాడు. ఆదివారం ఆ జులపాలవాడు స్టేజీ మీద నోరెండి నిలబడతాడు. భూలక్ష్మిగారు పరుగెత్తుకుంటూ తన దగ్గరికే వస్తుంది.

“ఓసారి మోగించి చూద్దామాండీ?” అన్నాడు వరప్రసాదం రెండుంబావుకి వచ్చి.

“కరెంటేదండీ?” ఏలీయా ఆగిపోయిన ఫాను వంక జాలిగా చూశాడు.

వరప్రసాదానికి ఇంట్లో స్పీకరు లేదు. గిటారు భుజాన వేసుకుని, దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం ఏలీయా పిలవని పెళ్ళికి వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాడు. తన గిటారు కూడా సంచిలో పెట్టుకునే వెళ్ళాడు. పిలుపు రాగానే ఎక్కెయ్యాలి కదా.

పాట మొదలైంది. గిటారు వంతు వచ్చింది. వరప్రసాదం జుట్టు ఎగరేసి తీగ మీటాడు.

ఖంగుమని మోగింది. పెళ్ళివారు ఈలలు వేశారు.

ఏలీయాకి ముచ్చెమటలు పట్టాయి. తన చేత్తో బిగించిన కాలిపోయిన ముక్క! రెండో పాటకీ అదే మోత. ఇక కూర్చోలేక స్టేజీ పక్కకి పరుగెత్తాడు. అక్కడ అందరి మోతనీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సరు మీటలు నడుపుతూ తాతబ్బాయి ఉన్నాడు. ఆర్కెస్ట్రా పెట్టిన నాటి నుంచీ ఆ పని అతనిదే.

“తాతబ్బాయిగారూ, ఆ గిటారు మోగడానికి వీల్లేదండి!”

“మోగట్లేదు కదండీ,” అన్నాడు తాతబ్బాయి నింపాదిగా. “మోత బయటికి రాకుండా గిటారు మీట కిందకే లాగి ఉంచుతామండి. గిటారు వంతంతా కీబోర్డు మీద సత్యానందంగారే వాయించేత్తారు. గిటారాయన చూడ్డానికేనండి.”

ఏలీయా కళ్ళు మెరిశాయి. “వరప్రసాదానికి ఈ సంగతి తెలీదా?”

“తెలీదండి పాపం. పైన నిలబడ్డోళ్ళకి అందరి మోతా కలిసే కదండీ వినబడేది, తనదే అనుకుంటారు. చెబితే మనసు కష్టపెట్టుకుంటారని భూలక్ష్మిగారు ఒద్దన్నారండి.”

ఏలీయా కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఏడాది తర్వాత మొదటిసారి అతనికి ఆకలేసింది.

“నేనెళ్ళిపోయాక ఏం గతి పట్టిందండీ మీకు! ఇంతకీ ఈ పద్ధతి ఎప్పుడు మొదలెట్టేరేంటి?”

తాతబ్బాయి తలొంచుకుని, మీటల మీద లేని దుమ్ము తుడిచాడు.

“మీరు చేరిన రోజు నుంచేనండి.”