ఒకే ఒక్క సాక్షి

"మూడు పుస్తకాలున్నయి గానీ, సాక్షి ఒక్కతే," అన్నాడు ప్రొఫెసర్ ఉమాపతి, ఆర్ట్స్ కాలేజీ వరండాలో నడుస్తూ.

పక్కన నడుస్తున్న పరిశోధక విద్యార్థి సమ్మయ్య భుజాన సంచి సర్దుకున్నాడు. వెట్టిచాకిరీ మీద తిరగబడ్డ రైతు నాయకుడు ఉప్పలయ్య గురించి అతని పరిశోధన. ఆ నాయకుడి జీవితచరిత్ర రాసిన ముగ్గురూ ఒక ప్రేమకథ చెప్పారు. ఇరవై ఆరేళ్ళ కింద, నలభై రెండు వానాకాలంలో పోలీసులు వెతుకుతుంటే, ఒక పేదింటి పిల్ల ఆయన్ను మూడు నెలలు తన గుడిసెలో దాచిందనీ, అక్కడే ఇద్దరికీ మనసులు కలిశాయనీ.

ముగ్గురికీ ఆ మాట చెప్పింది ఆ పిల్లే. పేరు భారతమ్మ. ఇప్పుడు తార్నాకలో ఉంటున్నది. ఏటా వర్ధంతి సభలో ఆమెను వేదికెక్కించి శాలువా కప్పుతారు.

"ఆమెను గట్టిగ అడగాలె," అన్నాడు ఉమాపతి. "నువ్వు వద్దులే. ఇంకెవర్నన్న పంపుత."

"లేదు సార్. నేనే అడుగుత."

అతని సంచిలో జైలు రిజిస్టరు నకలు ఉంది. వారం కింద రికార్డుల ఆఫీసులో దొరికింది. ఉర్దూ తెలిసిన ముసలి గుమాస్తా రెండుసార్లు చదివి వినిపించాడు. ఆనాటి నుంచి సమ్మయ్యకు అన్నం సహించడం లేదు.

భారతమ్మ రేకుల గది ముందు కూర్చుని బియ్యం ఏరుతున్నది. అతన్ని చూసి చాట పక్కన పెట్టింది.

"ఎండల వచ్చినవ్. మంచినీళ్ళు తాగు బిడ్డా."

"తర్వాత తాగుత అమ్మా. ఉప్పలయ్య నీ గుడిసెల ఎప్పుడున్నడు?"

"పుస్తకాలల్ల ఉన్నది గద. నలభై రెండు, వానకాలం."

"ఆ ఏడు ఎండకాలంలనే పట్టుకున్నరని జైలు రిజిస్టరుల ఉన్నది. సంగతి బయటికి పొక్కనియ్యలే. జైల్లనే సచ్చిపోయిండు."

"తప్పు రాసిన్రేమో."

"తేదీ ఉన్నది. వేలిముద్ర ఉన్నది."

ఆమె పక్కనున్న చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"గాయన్ను నేనెన్నడు చూడలే," అన్నది చివరికి.

"మరి?"

"దొర గడీల వడ్లు దంచ పిలిచిన్రు. పోనంటే మా నాయిన్ను కొట్టిన్రు. పోయిన. మూడు నెలలు ఇంటికి పంపలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. "పంపిననాటికి కడుపుతోని ఉన్న. ఎవ్వనిదని ఊరు అడిగింది. దొర పేరు జెప్తే సంపుతరు. ఉప్పలయ్య సచ్చిపోయిండన్నరు. సచ్చినోడు వచ్చి కాదనడు గద."

సమ్మయ్య కలం కాగితాన్ని తాకలేదు.

"ఎందరో వచ్చి రాసుకపోయిన్రు. గిట్ల ఎవ్వలు అడగలే," అన్నది. "ఇది గూడ రాస్తవా?"

"రాయమంటవా?"

"చదువుకున్నోనివి. నీకే ఎరుక."

గడీ సంగతి అతను రాయలేదు. ఆ కాలంలో ఉప్పలయ్య జైలులో ఉన్నాడనీ, ప్రేమకథకు ఆధారం లేదనీ రెండు వాక్యాలు రాశాడు. ఆ రెండింటికి పది రోజులు పట్టింది. ఉమాపతి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టాడు.

మర్నాడు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా అతని గ్రంథం అందుకుని, నింపమని ఒక ఫారం ముందుకు జరిపాడు.

తన పేరూ ఊరూ రాసిన సమ్మయ్య, 'తండ్రి పేరు' అన్నచోట, బడిలో చేరిననాటి నుంచి రాస్తూ వచ్చిన 'ఉప్పలయ్య' అన్న పేరు రాయబోయి ఆగిపోయాడు.